కాజీపేట దాటాక

మచ్చ బొల్లారం,
2006

తమ్ముడు హేమచంద్‌కు అక్క దీవెనలు.

ఢిల్లీలో నీ గృహప్రవేశానికి మాకు విమానం టిక్కెట్లు తీస్తానన్నావు. వద్దురా, రైలుకే తియ్యి. నెమ్మదిగా వెళ్ళే బండైనా ఫరవాలేదు. అక్కకు విమానమంటే భయమని మీ బావగారితో చెప్పు. నిజానికి నాకు భయమేమీ లేదు, ఆ సంగతి నీలోనే ఉంచుకో.

ఇంట్లో ఆయన ఎప్పుడూ పేపరు వెనకే ఉంటారు. అన్నం పెట్టు, నీళ్ళివ్వు, అంతే మాటలు. రైలెక్కితే మనిషే వేరు. పోయినసారి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పులిహోర పొట్లం విప్పి, "మన పెళ్ళినాటి వాన గుర్తుందా?" అని మొదలుపెట్టారు. నాగపూర్ దాటినా ఆయన చెప్పే వాన వెలవలేదు.

విమానం రెండు గంటల్లో దింపేస్తుందటగా. రైలు కాజీపేట చేరడానికే అంతసేపు పడుతుంది. మీ బావగారు నోరు విప్పేది ఆ తరవాతే.

అక్క