దించింది ఎవరు?

ఫిబ్రవరి 2, ఆదివారం

నా బొమ్మ విమానం రెక్కలకు ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించడం అయిపోయింది. ఇస్త్రీపెట్టె వేడి ఎక్కువైతే చెక్క వంకర పోతుందని మా ఆయన పదే పదే చెప్పారు. ల్యాబ్‌లో రోజంతా కట్టుడు పళ్లు చేసేదాన్ని నేను. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాను. అయినా చెప్పారు. నేను కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కే మనిషి మరి.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఎగిరింది! నా విమానం ఎగిరింది.

రెండు రిమోట్లు, మధ్యలో ఒక కేబుల్. పెద్ద రిమోట్ ఆయనది. దాని మీద స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే విమానం నా మాట వింటుంది. వదిలేస్తే ఆయనదే. గుండ్రంగా తిప్పాను. దించాను కూడా. గడ్డి మీద మెత్తగా వాలింది. ఇంటికి రాగానే చెల్లికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

భోంచేస్తుంటే అనుమానం వచ్చింది. మొదటి రోజే అంత మెత్తగానా?

ఫిబ్రవరి 12

అడిగేశాను. కాసేపు కడిగిన గిన్నెనే తుడుస్తూ ఉండి, చివర్లో కొద్దిగా స్విచ్ వదిలానన్నారు. కొద్దిగా అంటే? నేల దగ్గరపడ్డాక అట.

అంటే మొత్తం ఆయనే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈసారి ముట్టుకోనని ఒట్టేశారు. మళ్లీ చక్కగా దిగింది. నేను విమానాన్ని చూడాలా, ఆయన వేలిని చూడాలా?

ఫిబ్రవరి 23, ఆదివారం

విమానం పైన ఉండగా, చెప్పకుండా చేతులు తీసేశాను. పడలేదు. నిమ్మళంగా తిరుగుతూనే ఉంది. దొరికారు అని అరిచి ఆయన వైపు తిరిగాను. ఒక వేలు స్విచ్ నొక్కే ఉంది. రెండో చెయ్యి గాలికి పోబోతున్న టోపీని పట్టుకుని ఉంది.

నేర్చుకునేవాళ్ల విమానాలు అంతేనట. రెక్కలు తిన్నగా అతికితే వాటంతటవే ఎగురుతాయట. నువ్వు అంత బాగా అతికించావు అన్నారు. మెచ్చుకున్నట్టే. నాకు మాత్రం ఒళ్లు మండింది. అయితే పోయిన వారం దించింది నేనా, అదే దిగిందా? ఇలా వాదించుకుంటుంటే అది చెట్ల మీదికి పోయింది. నాకిచ్చెయ్ అని కేకేసి తీసుకున్నారు.

చెప్పి తీసుకోవడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 27

మాట్లాడుకుంటూనే ఉన్నాం. తలుపు వేశావా, లైటు ఆర్పారా, అంతవరకే.

మార్చి 1, శనివారం, ఉదయం

ఆయన డ్యూటీకి వెళ్లాక పెద్ద రిమోట్ తీసుకుని ఒక్కదాన్నే మైదానానికి వెళ్లాను. పైకి పంపాను. తిన్నగా ఎగరడం దాని పని, ఒప్పుకుంటాను. కానీ దిగేటప్పుడు పక్కగాలి కొట్టింది. ముక్కు తిరిగిపోయింది. అది సర్దుకోలేదు, నేనే తిప్పాను. ఎక్కువ తిప్పాను. మళ్లీ వెనక్కి లాగాను. కోడి గోడ దూకినట్టు దిగి, గంతులేసి ఆగింది. ఏమీ విరగలేదు.

అంత వికారంగా ఆయన దించరు. అది నాదే! చుట్టూ ఒక్క మనిషీ లేడు. పైకే నవ్వేశాను.

మార్చి 1, సాయంత్రం

చెప్పాను. చాలా సంతోషం అన్నారు.

కాసేపయ్యాక వెళ్లి చూస్తే, వసారాలో విమానాన్ని తిరగేసి, చక్రాలకు గడ్డి అంటిందో లేదో చూస్తున్నారు.