బీముల్లో రింగులు

అన్నా,

నీకు పనికొచ్చే కబురు ఒకటుంది. లాతూరు భూకంపానికి ఇక్కడ నాచారంలో మన వంటింటి గిన్నెలు కూడా కదిలాయి. అందుకేనేమో, ఈ రోజు మున్సిపాలిటీ నుంచి ఒకాయన మన గల్లీకి తనిఖీకి వచ్చాడు.

టేపు రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు. రోడ్డుకూ మన గోడకూ మధ్య జాగా కొలిచి, అయిపోయిందన్నాడు. ఆగలేక అడిగేశాను.

"భూమి కదిలితే ఇల్లు నిలబడుతదా లేదా, అది సూడరా సార్?"

"అది మేం సూడమమ్మా. ప్లాన్ మీద సంతకం పెట్టిన ఇంజనీరు సూసుకుంటడు."

ఆ ఇంజనీరువి నువ్వే. మన స్లాబు రోజు బీముల్లో ఇనుప రింగులు ఎడంగా కట్టారని కాంక్రీటు పోత ఆపించావు. పనివాళ్లకు వండిన దావత్ మటన్ చల్లారిపోయింది. "లోపలియి ఎవలు సూస్తరు సారూ" అని మేస్త్రీ గొణిగితే, "నేను సూసిన గదా" అన్నావు.

వచ్చినాయన పక్కనున్న నాలుగంతస్తుల ఇల్లు చూపించాడు. "దానికి గూడ గాయన సంతకమే ఉన్నది. ఫికర్ జెయ్యకు."

"ఆయన మా అన్న సార్. ఆ ఇంటికి పునాది తవ్వకముందే సచ్చిపోయిండు."

ఆయన ఆ ఇంటి దగ్గరికి నడిచి, చుట్టేసిన టేపును మళ్లీ విప్పాడు.

పోత గట్టిపడ్డాక లోపలి రింగులను టేపుతో ఎట్లా కొలుస్తారన్నా?

నీ చెల్లె