మిరుగునాటి వంజరం

విశాఖపట్నం,
జూన్ 12.

పెద్దవంగరలో ఉన్న యాదమ్మకు బాలనర్సయ్య రాయునది. ఇక్కడ నేనూ మన మౌనికా క్షేమం. అక్కడ నువ్వూ బర్రెలూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో చెప్తే సగంలోనే అందుకుంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఈ వారం నేను రావడం లేదు. బిడ్డకు నాతో పని పడింది. దాని చదువంతా వంజరం మీదేనని నీకు తెలుసుగా. సముద్రంలో వేటాడి బతికే చేప అది, నెత్తళ్ల లాంటి చిన్న చేపలను తరిమి తరిమి మింగుతుంది. మన చెరువులో కొర్రమట్ట పిల్లల వెంటే కాపలా తిరుగుతుంది కదా, ఈ మహాతల్లి అట్లా కాదు. గుడ్లను నీళ్లలో వదిలేసి తన దారిన తాను పోతుంది. అవి తేలుతూ వాటంతటవే పొదుగుతాయి. గుడ్డు ఎంత ముదిరిందో, కడుపులో ఏ తిండి ఉందో మౌనిక నెలనెలా చూసి రాయాలి.

గుడ్లు పెట్టే కాలమని ఇప్పుడు వేట బంద్. పరిశోధనకు అనుమతి ఉన్న పడవ పోయి, ఈ నెలకు ఒక్క ఆడచేపను తెచ్చింది. మౌనిక దాన్ని ఇంటి ఫ్రిజ్‌లో పెడితే కరెంటు పోయి పాడైంది. ఈ నెలది చూపించకపోతే ఏడాది పనంతా మళ్లీ మొదటినుంచి చేయాలని వాళ్ల సార్ మండిపడ్డాడట.

నువ్వేం పరేషాన్ కాకు. బంద్ ఎల్లుండితో అయిపోతుంది. పడవలు తిరిగొచ్చేసరికి రేవులో నిలబడి, గుడ్లున్న వంజరాన్ని నేనే ఏరి తెస్తాను. పొట్ట తడిమితే చాలు, నాకు తెలిసిపోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వల లాగినవాణ్ణి, చెరువైతేనేం, సముద్రమైతేనేం! రేవులో చేపలమ్మే చిలుకమ్మతో అప్పుడే వరస కలిపి అక్కా అంటున్నాను. నా మాట తీరుకు నవ్వుతుంది గానీ, మొదటి పడవ రాగానే కబురు చేస్తానంది.

ఇట్లు,
నీ బాలనర్సయ్య

తా.క. కరెంటు పోలేదు యాదమ్మా. అది మౌనిక తన సార్‌తో చెప్పిన మాట. మృగశిర కార్తె ప్రవేశించే మిరుగు నాడు చేప తినాలి కదా, నా కోసమే తెచ్చిందనుకుని, బిడ్డ ఇంట్లో లేనప్పుడు ఆ చేపను కోసి పులుసు పెట్టింది నేనే. మౌనికతో చదివే స్వాతి నిన్న చెప్పేదాకా అది చదువు కోసం తెచ్చిన చేపని నాకు తెలియదు.  ఆ రోజు మౌనిక వచ్చి, గిన్నె మూత తీసి చూసి, పోయి ఫ్రిజ్ తలుపు తెరిచి మూసింది. తర్వాత, మస్తు వాసనొస్తుంది బాపూ, నాకు పెట్టు అని పీట వేసుకుని కూర్చుంది. గుడ్లు కూడా అడిగి కంచంలో వేయించుకుంది. తింటూ తింటూ, కోసినప్పుడు దాని కడుపుల ఏమేం ఉండె బాపూ, గుడ్లు ఏ రంగున్నయి అని ఒక్కొక్కటే అడిగింది. నేను ముచ్చటకు అడుగుతుందనుకుని, నవ్వుకుంటూ చెప్పాను.