ఐదో ప్రశ్నకి జవాబు

చిట్టీ,

గుడ్డ మీద గీతలు గీసే సుద్దతోనే గోడ మీద రోజుకి పది ఇంగ్లీషు మాటలు రాసుకుని, కుట్టుమిషను తొక్కుతూ బట్టీ పడుతున్నానని నీకు తెలీదుగా? మొన్న మా ఇంగ్లీషు టీచరమ్మ ఏదైనా ఉత్తరం చదివి, దాని మీద మేమే ఐదు ప్రశ్నలు వేసుకుని జవాబులు రాసుకు రమ్మంది. ఇంట్లో దొరికింది నువ్వు నాన్నకి రాసిందే. నాకు అర్థం కాదనే కదా, ఇంగ్లీషులో రాశావు!

ఎవరు రాశారు? మా అమ్మాయి. ఏం చేసింది? బ్యాంకు ఉద్యోగం మానేసింది. ఇప్పుడేం చేస్తోంది? బస్సు నడపడం నేర్చుకుంటోంది. ఎవరికి చెప్పొద్దంది? నాకు. నాలుగూ కరెక్టేనట. మీ నాన్న మాత్రం నన్ను చూస్తే పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు.

ఐదోది, అమ్మకి కోపం వచ్చిందా? దానికి జవాబు ఆ ఉత్తరంలో లేదు. ఆదివారం వచ్చి నా మొహం చూసి తెలుసుకో. ఎలాగూ యూనిఫాంకి కొలతలు తీసుకోవాలి.

అమ్మ