రాజవ్వ జవాబు

5 ఫిబ్రవరి 1968

పొద్దున్నే రాజవ్వతో పాఠం. అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు చుట్టించాను. "ఊ" వచ్చింది. "మా" రాలేదు. రేపు వస్తుంది. పెద్ద డాక్టరు గారు గుమ్మంలో నిలబడి చూసి, పక్షవాతం కొట్టిన మనిషికి బడి పెట్టావా అమ్మా అన్నారు. ఈ రోగుల హోమ్‌లో నేను పనికి చేరినప్పటి నుంచి ఇదే వేళాకోళం. చచ్చుబడ్డ కాలికి కసరత్తు ఉన్నప్పుడు నాలుకకు ఎందుకుండదు? మైసూరులో నేను మాట నేర్పే వైద్యం చదివొచ్చాను, వంటలు కాదు.

6 ఫిబ్రవరి

"మా" వచ్చింది. చెప్పానా.

9 ఫిబ్రవరి

ఆర్మూరంతా పసుపు ఉడికే వాసన. చీరలకు, దిండుకు, ఈ పేజీకి కూడా. రాజవ్వ కిటికీ దగ్గరికి జరపమని ఎడమచేత్తో సైగ చేసింది. కుడిచెయ్యి ఇంకా ఒళ్లోనే. చాలాసేపు అలా వాసన పీలుస్తూ కూర్చుంది. నేనూ పాఠం మానేసి కూర్చున్నాను.

11 ఫిబ్రవరి

నందిపేట నుంచి రాజవ్వ భర్త గంగారాం వచ్చాడు, వెంట అతని అమ్మ. డాక్టరు గారు వాళ్ల ముందే పరీక్ష పెట్టారు — నీ భర్త పేరేమిటి, చెప్పు. రాజవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది. మళ్లీ అడిగారు. పెదవులు బిగించింది. ఆయన నా వైపు తిరిగి, మాటే కాదు, మతీ పోయింది అన్నారు. అత్త వెంటనే అందుకుంది. "గదే సారూ మేమనేది. పసుపు పనులు నెత్తి మీదున్నయ్, ఇంట్ల చేసే ఆడమనిషి లేదు. మా పిలగానికి ఇంకో సంబంధం చూసినం."

ఒళ్లు మండింది. ఆ అత్తనే అడిగాను — అవ్వా, మీ ఇంటాయన పేరేంటి?

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గదెట్ల చెప్త బిడ్డా... మొగని పేరు నోటితోని తీస్తరా ఎవలన్న?"

మరి మీ కోడలు మాత్రం తీస్తుందా? అడిగింది అర్థం కాకపోతే మొహం ఎందుకు తిప్పుకుంటుంది? డాక్టరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఈ ఊళ్లో కాపురాలు చేసే ఆడవాళ్లను అడగాల్సిన ప్రశ్నేనా అది!

గంగారాం అప్పుడు తలెత్తి భార్యను చూశాడు. వచ్చాక అదే మొదటిసారి. "అయితే గామెకు అన్నీ సమజైతున్నయా డాక్టరమ్మా?"

అన్నీ — అన్నాను. ఇవాళ్టికి నేనే గెలిచాను. చాలా సంతోషంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

14 ఫిబ్రవరి

దువ్వెన చూపించు — చూపిస్తుంది. లాంతరు — చూపిస్తుంది. "నీళ్లు" అని కూడా అంది, కొంచెం ముద్దగా. కానీ జవాబు చెప్పాలంటే నోట్లో ఉన్నది అవుననే ఒక్క "ఔ" మాత్రమే. జొన్న గటక తింటావా అంటే "ఔ". కడుపు నిండాక చెంచాను చేత్తో తోసేస్తూ కూడా "ఔ". మనసులో వద్దనే ఉంటుంది, నోట్లోంచి అదే ఊడిపడుతుంది, తల కూడా దానితో పాటే ఊగుతుంది. ఈ జబ్బు తీరే అంత. ఇప్పుడు "వద్దు" నేర్పాలి. కొన్నాళ్లు చాలు నాకు.

17 ఫిబ్రవరి

"వ..." వరకు. బాగా అలిసిపోయింది. నేను అలవలేదు.

18 ఫిబ్రవరి

గంగారాం ఒక్కడే వచ్చాడు. చేతులు మోచేతుల వరకు పసుపు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నన్ను ఉండమన్నాడు.

"అమ్మ పిల్ల తరపోళ్లకు మాటిచ్చింది. ఎల్లుండి లగ్గం ఖాయం చేస్తరట," అని భార్యతో నెమ్మదిగా చెప్పాడు. "నీకు అన్నీ సమజైతయంట గదా. నువ్వు వద్దంటె నేను చేసుకోను. నువ్వే చెప్పు... చేసుకోమంటవా?"

రాజవ్వ "ఔ" అంది.

అది జవాబు కాదయ్యా, వద్దనాలన్నా ఆమెకు అదే వస్తుంది అన్నాను. నమ్మడేమోనని అక్కడికక్కడే చూపించాను — రాజవ్వా, పసుపు నల్లగుంటదా?

"ఔ."

గంగారాం తన పసుపు చేతులు చూసుకున్నాడు. తర్వాత, కోపం లేకుండానే, "పసుపు ఎట్లుంటదో గూడ తెల్వకపాయె. ఇగ మతి ఏడున్నట్టు, డాక్టరమ్మా?" అన్నాడు.

ఆమెకు తెలుసు, నోరే మాట వినడం లేదు — రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెబుతుంటే నా గొంతు నాకే డాక్టరు గారి గొంతులా వినిపించింది. ఆపేశాను.

బస్సు టైమైందంటూ లేచాడు. రాజవ్వ ఎడమచేత్తో అతని భుజం మీది తువ్వాల కొస పట్టుకుంది. "ఔ... ఔ..." అంటోంది, కళ్లలోంచి ధారగా నీళ్లు. గట్టిగానే పట్టుకుంది, ఆ చేతి బలం నాకు తెలుసు. కానీ మొగవాడు గుంజుకుంటే ఎంతసేపు.

అతను గుంజుకోలేదు.

నేను బయటికి వచ్చేశాను. వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. నందిపేట బస్సు ఇప్పుడే గేటు ముందు ఆగింది, హారన్ కొట్టింది... వెళ్లిపోయింది. లోపలి నుంచి ఇంకా ఎవరూ రాలేదు.