తొంభై ఆరు దగ్గర ఆగిన పాట

కమలాపురం,
బుధవారం.

ప్రియమైన అమ్మకు స్తుతి వందనాలు.

నాయన మోకాలి నొప్పి తప్ప, దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. కువైట్‌లో ఎండలు ముదిరాయని విన్నాం. నీ ఒంట్లో ఎలా ఉందో దాచకుండా రాయి. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. శనగ దిగుబడి పర్వాలేదు. నాయన మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. చర్చిలో నీ పక్కన పాడే సోమక్క నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇక మన చర్చి జూబిలీ వీడియోల సంగతి. అవి ఫోన్లో పంపలేనంత పెద్దవని పెద్దమ్మ కొడుకు శామన్న నా ల్యాప్‌టాప్ నుంచి టోరెంట్‌గా, అంటే ఎవరి ఫోన్లోకి వాళ్లు దించుకునేలా, పెట్టాడు కదా. తొంభై ఆరు శాతం వచ్చి ఆగిపోయిందని, ఫోన్లో జాగా ఖాళీ చేశానని, సిమ్ మార్చానని, పనిచేసే ఇంటి మేడమ్‌ను బతిమాలి వైఫై కూడా అడిగానని రాశావు. శుక్రవారం ప్రార్థనకు వచ్చినవాళ్లంతా నీ ఫోన్ చుట్టూ కూర్చుని, చివరికి “మీ పాప పాట యాడ ప్రేమజ్యోతీ?” అని నవ్వారని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మూసేశాను.

ఆదివారం శామన్న కర్నూలు నుంచి ఫోన్ చేశాడు. నాయన స్పీకర్ పెట్టాడు.

“బెంగళూరులో ఉండేటోళ్లకు గూడా తొంభై ఆరు కాడనే నిలిచిండాది చిన్నాయనా. అందరికీ ఒక్క కాడనే నిలిచిందంటే తప్పు ఫోన్లది గాదు. మొత్తం ఉండే మిషను, అదే సీడు, అది ఆగిపోయింటాది.”

“సీడు అంటే మన విత్తనమే గదప్పా?”

“అట్లే అనుకో చిన్నాయనా.”

“మరి ఇచ్చేటోళ్లు గాదె తలుపు ఏసుకుంటే యాడ మొలుస్తాదిరా?” అని నాయన గట్టిగా నవ్వాడు.

“స్తుతీ, నీ ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉండాదా?” అని శామన్న అడిగాడు.

“ఉంది అన్నా” అన్నాను. ల్యాప్‌టాప్ బీరువాలో, దుప్పట్ల కింద ఉంది.

అమ్మా, నీ ఫోన్లో ఏ లోపమూ లేదు. మేడమ్‌ను నువ్వు బతిమాలాల్సిన పనే లేదు. ఫైళ్లు వరసగా దించుకోమని శామన్న అందరికీ చెప్పాడు. ప్రసంగాలన్నీ వెళ్లాయి. ఆఖరున పాటల ఫైలు మొదలయ్యే వేళకు నేనే ఆపేశాను.

జూబిలీ రోజు ఫోన్లో నువ్వు “పాడినావా పాపా?” అని అడిగితే “పాడినా” అన్నాను. పాడలేదమ్మా.

నువ్వు ఇక్కడున్నప్పుడు ఏటా పాటకు నిలబడే చోట, మైకు ముందు నన్ను నిలబెట్టారు. కాన్వెంటులో అసెంబ్లీ పాటలకు నేను పెదవులు మాత్రమే కదిపేదాన్ని. వరసలో అంతమంది ఉండగా సిస్టర్లు కూడా కనిపెట్టలేదు. ఇక్కడ ఒక్కదాన్నే. హార్మోనియం రెండుసార్లు ఎత్తుకుని ఆగింది. వెనక వరస నుంచి నాయన “పాడు పాపా, మీ యమ్మ పాట గదా” అన్నాడు. గొంతులో నుంచి గాలి కూడా రాలేదు. చివరికి సోమక్క లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, నీ పాట తను అందుకుంది. ఇంటికి వస్తూ నాయన ఒక్క మాటే అన్నాడు: “మీ యమ్మకు నువ్వే చెప్పుకో.” చెప్పావా అని తర్వాత అడగలేదు. చెప్పే ఉంటాననుకున్నాడు.

పాటల ఫైలు తీసేసి మిగతావి పెట్టమని శామన్నను అడగవచ్చు. ఎందుకని అడుగుతాడు. అందుకే ఊరుకున్నాను. ఊరుకుంటే నువ్వు ఒకనాటికి విసిగి మరిచిపోతావనుకున్నాను. నువ్వు మాత్రం పని ముగించుకుని మిద్దె ఎక్కి, సిగ్నల్ కోసం ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డావు. నా చదువు కోసం అంత దూరం వెళ్లినదానివి. నేను పాడానని అక్కడ అందరికీ చెప్పుకున్నావు. నన్ను నలుగురు చూస్తారని సిగ్గుపడ్డాను కానీ, నిన్ను చూసి నలుగురు నవ్వుతారని తోచలేదు.

ఈ శుక్రవారం వాళ్లు మళ్లీ అడుగుతారు. అందుకే నీకు ముందే చెప్తున్నాను. ల్యాప్‌టాప్ బయటికి తీసి ఛార్జింగ్ పెట్టాను. ఇది చదివాక ఒక మిస్డ్ కాల్ ఇవ్వు, ఆన్ చేస్తాను. వాళ్లకు చూపించాలో వద్దో నీ ఇష్టం. నువ్వు మాత్రం చూడు. హార్మోనియం ఆగాక కాసేపు ఏమీ వినిపించదు. ఫోన్ పాడైందనుకుని అక్కడ ముందుకు జరపొద్దమ్మా. అక్కడ ఉన్నది నేనే.

ఇట్లు,
నీ పాప
స్తుతి