అమావాస్య నాటి కరెంటు

గుడియాత్తం, నేతగాళ్ళ వీధి,
20-8-1955

కరెంటు కంపెనీ సెక్రటరీ జానకిరామన్ గారి సముఖానికి, నేతపని జయరాములు రెండు చేతులా దండం పెట్టి రాసుకొనేది.

అయ్యా, ఇక్కడ అందరమూ క్షేమం. మీరూ, మీ ఇంజనూ క్షేమంగా ఉండాల. యూనిట్టు ధర పెంచుకుంటామని మీరు వేలూరు రేట్ల కమిటీకి అర్జీ పెట్టినారంట. ఊరంతా వద్దని సంతకాలు పెడతా ఉండారు. నేను పెట్టలేదు. పెంచుకోండి సామీ. మీ దీపం వచ్చినప్పటినుంచి నా ఇంట్లో పండగే. అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ మగ్గం తొక్కరు, అది పెద్దలకు అన్నం పెట్టే దినం. ఆ దినం కూడా పొద్దున్నించి సాయంత్రం దాకా మీ దీపం మా మగ్గాల గదిలో ఎంత ముద్దుగా వెలుగుతాదో. మీటరు గిరగిరా తిరుగుతాంటే చూస్తా కూర్చుంటాను.

ఆంధ్ర వేరుగా పోయినాక కూడా మాకు తెలుగులో నోటీసు అంటించినారు. వీధి వీధంతా తెలుగు మాట్లాడేవాళ్ళే, చదివేది నేనొక్కణ్ణే. అయినా సంతోషం.

ఇట్లు, మీ మేలు మరవని
జయరాములు

తా.క.: సంతకాలు పెట్టించేవాళ్ళు ఆ కాగితం మా ఇంట్లోనే మరిచిపోయినారు. మా ఆవిడ తంగమ్మ దాంతో పొయ్యి రాజేసింది. మీకు అనుకూలమే గదా.

*

కంపెనీ ఆఫీసు, గుడియాత్తం,
27-8-1955

శ్రీ జయరాములు గారికి నమస్కారాలు.

మా అర్జీని మెచ్చుకొంటూ వచ్చిన ఉత్తరం మీదొక్కటే కనుక దాన్ని కమిటీకి పంపించాము. దానితో చిక్కు వచ్చింది. అమావాస్య నాడు మగ్గాలు ఆడవు కనుక, ఆ రోజు తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా మా ఇంజను ఆపి శుభ్రం చేస్తాము. తీగల్లో కరెంటే ఉండదు. మరి మీ దీపం ఎలా వెలిగింది? కమిటీ ఇంజనీరు రంగనాథన్ గారు ఇదే అడుగుతున్నారు. వారంలోగా జవాబు రాకపోతే, దొంగ కరెంటుగా భావించి మీ ఇంటి తీగ కోయించవలసి వస్తుంది.

భవదీయుడు,
జానకిరామన్

తా.క.: ఇకమీదట మమ్మల్ని మెచ్చుకోవద్దని ప్రార్థన.

*

గుడియాత్తం,
2-9-1955

ధర్మప్రభువులైన సెక్రటరీ గారికి జయరాములు దండాలు.

తీగ కోస్తామంటిరి. దాచేదేముంది, చెబుతాను. మా అబ్బాయి అరుణాచలం. ముందటేడు జ్వరంలో పోయినాడు. బతికినన్నాళ్ళూ కిరసనాయిలు బుడ్డి కింద తెగిన పోగు కనబడక కండ్లు చెడగొట్టుకున్నాడు. "నాయనా, కరెంటు దీపం పెట్టించు, యాడున్నా వచ్చి నేస్తాను" అనేవాడు. వాడు పోయినాకే దీపం వచ్చింది. దీపం వచ్చిన మొదటి అమావాస్యకే వాడూ వచ్చినాడు. మాట తప్పే పిల్లోడు కాదు సామీ.

మగ్గం గుంతలో దిగి తొక్కుతా ఉంటాడు. కాళ్ళు ఆడినంతసేపూ దీపం ధగధగమంటాది, ఆపితే సన్నగిల్లుతాది. ముఖం చూపడు, వీపు ఒక్కటే కనబడుతాది. నాకు అది చాలు. పోయిన నెల, ఎప్పుడో కాలం చేసిన మా నాయన కూడా వచ్చి ఎదుటి మగ్గంలో కూర్చున్నాడు. తీగ కోస్తే మా అబ్బాయికి పోగు ఎట్లా కనబడుతాది? మళ్ళీ ఎందుకు వస్తాడు? మీ కాళ్ళు పట్టుకుంటాను, ధర ఎంతైనా పెంచుకోండి, తీగ మాత్రం ఉండనీండి.

ఇట్లు, కొడుకు ఉన్న
జయరాములు

తా.క.: తంగమ్మకు మాత్రం కోపమే. "ఉన్నప్పుడూ తిన్న ఆకు ఎత్తలేదు, పోయినాకైనా ఎత్తడే" అంటాది.

*

కంపెనీ ఆఫీసు,
24-9-1955

శ్రీ జయరాములు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కమిటీలో చదివి అందరూ నవ్వుకున్నారు. 16వ తేదీ అమావాస్య నాడు రంగనాథన్ గారు స్వయంగా వచ్చి మా ఇంజను పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఇంజను చల్లగా ఉంది. ఊళ్ళో బియ్యం మిల్లు ఆడుతోంది. మా ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. ఇన్నాళ్ళూ ఆ ఫ్యాను ఎందుకు తిరుగుతోందని మాలో ఎవరమూ అడగలేదు.

లైన్‌మన్ ఎల్లప్ప మీ మీటరు చూసి వచ్చాడు. అది వెనక్కి తిరుగుతోందట. అంటే కరెంటు మా దగ్గరనుంచి మీకు రావడం లేదు, మీ ఇంటినుంచి ఊరికి వస్తోంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

కమిటీ మా అర్జీని పక్కన పెట్టింది. ఆ రోజు కరెంటు ఎవరు తయారు చేస్తున్నారో వారే తమ ధర ఎంతో, ఎందుకంతో చెప్పుకోవాలని ఆజ్ఞ. జవాబు లేకపోతే అక్టోబరు 15, మహాలయ అమావాస్య నాడు ఎల్లప్ప వచ్చి మీ తీగ కోస్తాడు.

భవదీయుడు,
జానకిరామన్

తా.క.: వీపు ఒక్కటే కనబడుతుందని రాశారు. ఎల్లప్ప కూడా అదే అన్నాడు. ఎన్ని వీపులని అడిగితే, లెక్కపెట్టేదాకా నిలబడలేదన్నాడు.

*

గుడియాత్తం,
16-10-1955

మా ఇంటి వెలుగైన సెక్రటరీ గారికి, జయరాములు ఆనందబాష్పాలతో.

నా జన్మ ధన్యమైంది. నా కొడుకును కమిటీవాళ్ళు ధర చెప్పమని అడగడమంటే మాటలా. నిన్న ఎల్లప్ప వచ్చి, నిచ్చెన వేసి, కటింగ్ ప్లేయరు తీసినాడు. గదిలోనుంచి మా అరుణాచలం "ఎల్లప్ప మామా, పైమెట్టు విరిగి ఉండాది, చూసుకో" అన్నాడు. చూస్తే నిజంగానే విరిగి ఉండాది. ఎల్లప్ప నిచ్చెన మాకే వదిలిపెట్టి పోయినాడు. వాడికి బాగాలేదని విన్నాను, కషాయం పంపినాను.

మా అరుణాచలమూ, వాడితో వచ్చిన పెద్దలూ చెప్పినది చెప్పినట్టు రాస్తాండాను. ఇప్పటిదాకా వాళ్ళ ధర ఒక్క ఆకు అన్నం. ఇకమీదట పన్నెండు ఆకులు, ఆకుకొక తాంబూలం. కారణం ఏమి రాయాల అంటే, కంపెనీ అర్జీలో రాసిందే రాయమన్నారు: ఊళ్ళో వాడకం పెరిగింది, పనివాళ్ళు పెరిగినారు. మా మగ్గాలు చాలక పక్కింట్లోనూ తొక్కుతాండారు. ఇంజను మాదిరి ఆపి తుడిచే పని లేదంట. వేలూరికి ఎవరు వస్తారని అడిగితే అందరూ వస్తామన్నారు. కమిటీకి వీపు పెట్టి కూర్చుంటే ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి.

ఇట్లు, మీకు నూరేళ్ళు కోరుకొనే
జయరాములు

తా.క.: ఇంగ్లీషులో అర్జీ రాసేది తెలిసినోడు వాళ్ళలో ఒక్కడూ లేడు. అందరూ మీ పేరే చెప్పినారు. "ఆయనకు ఇంకా సర్వీసు ఉండాది, తొందర పెట్టొద్దండి" అని నేను గట్టిగానే చెప్పినాను. సరేనని మీకోసం ఒక కైలీ లుంగీ నేసి ఇచ్చినారు, దీంతో పంపుతాండాను. అంచులో మీ పేరు ఉండాది, పక్కనే ఏదో తేదీ. మరీ సన్నపని, నా కండ్లకు ఆనలేదు. దీపం కిందికి తీసుకుపోయి మీరే చదువుకోండి.